ఎడ్లు ఎటు చూస్తున్నాయి?

మా నల్గొండలో ఒక నాయకుడికి అరవై ఏళ్ళు నిండాయి. నిండినవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు గానీ, అభినందన సంచిక ఆయన ఒక్కడికే వేస్తున్నారు. రిటైరైన తెలుగు పంతుల్ని కదా, జీవిత చరిత్ర రాసే పని నా మెడకు చుట్టారు. నేను చేసిన నేరమల్లా మొదటి పేజీలో ఒక్క వాక్యం: 'వీరి ముత్తాతగారు కృష్ణ అవతలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారని కుటుంబంలో చెప్పుకుంటారు.' ఆ మాట నాకు చెప్పింది ఆయన సొంత మేనత్తే. అయినా సంచిక ఇంతవరకు అచ్చుకు పోలేదు.

సంపాదకవర్గం ఆరుగురు. ఆఫీసు, క్లాక్ టవర్ సెంటర్ దగ్గర ఒక చాయ్ హోటల్. ముత్తాత వాడపల్లి దగ్గర నది దాటాడన్నంతవరకు అందరికీ సమ్మతమే. పుట్టిలో దాటాడా, ఎండాకాలం నీళ్ళు తగ్గాక బండి దింపాడా అన్నదానికి రెండు రోజులు పట్టింది. బండే అని తేలింది. అసలు చిక్కు అక్కడ మొదలైంది.

"ఎడ్లు ఇటు మొకం పెట్టి ఉంటే వలసొచ్చినట్టు. అటు మొకం పెట్టి ఉంటే ఇక్కడోడే, పిల్లను తెచ్చుకునేటందుకు మాచర్ల దిక్కు పోతున్నడు" అని తేల్చాడు రెవెన్యూ శాఖలో రిటైరైన గిర్దావర్.

"పోయినోడు వాపస్ రాడా? అప్పుడు ఎడ్లు ఇటే చూస్తయ్ గద" అన్నాడు ప్లీడర్.

కేసు మళ్ళీ మొదటికొచ్చింది. అయితే బండిలో పిల్ల ఉందా లేదా? ఉంటే వాపస్, లేకుంటే వలస. ఇంత తిరుగులేని సూత్రం దొరికిందని అందరం రెండో చాయ్ చెప్పుకుంటుంటే, గల్లాపెట్టె దగ్గర్నుంచి హోటల్ ఓనర్ ఒక మాట వేశాడు: "ముసుగేసుకుని ముడుచుకొని కూసుంటే, గట్టు మీదోనికి బియ్యం బస్తా లెక్క కనబడదా?" ఆ విధంగా నాయకుడి ముత్తవ్వ చరిత్రలో బియ్యం బస్తాగా ప్రవేశించింది.

మర్నాడు ఎడ్ల జాతి మీద పడ్డారు. ఒంగోలు గిత్తలైతే అవతలోడు, అమ్రాబాద్ పొడ తూర్పు ఎడ్లైతే మనోడు. నల్గొండ రైతుకు ఒంగోలు గిత్త కొనే తాహతు లేదా అని ఒకాయనకు కోపం వచ్చింది. చివరికి కాంపౌండర్ రాజీ కుదిర్చాడు: "ఒక ఎద్దు ఒంగోలు, ఒక ఎద్దు పొడ తూర్పు అని రాద్దాం సారూ. రెండు దిక్కులా న్యాయం చేసినట్టుంటది."

నిష్పాక్షికమైన జీవిత చరిత్ర అంటే ఇదేనట. ఆయన మనవాళ్ళు ఏడు తరాల మట్టి బిడ్డ అన్నది మూడు పేజీలు, ఎదుటివాళ్ళు వలసొచ్చినోడు అన్నది మూడు పేజీలు, త్రాసు సమంగా నిలవాలి. మేనత్త మాట ఒక వాక్యంలో చెప్పి, ఆ మాట ఎవరిదో కూడా చెప్పి, కాగితం ఏమైనా ఉంటే చూపి ముందుకు పోదాం అన్నాను. కాగితం కోసం గిర్దావర్ 1954-55 నాటి భూముల రికార్డు, కాస్రా పహాణీ నకలు తెచ్చాడు. అందులో నాయకుడి తాత పేరు, సర్వే నంబరు, చెల్కా (మెట్ట), తరీ (మాగాణి) లెక్కలు ఉన్నాయి. ఎడ్ల ముఖం రాసే కాలమ్ మాత్రం లేదు.

1919లో నిజాం సర్కారు, స్థానికులకే కొలువులనే ముల్కీ నిబంధనకు పదిహేనేళ్ళ నివాసంతో తృప్తి పడింది. ఇప్పటి కొలువులకు ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఉన్న ఏడేళ్ళలో నాలుగేళ్ళు ఇక్కడ చదివితే స్థానికుడే. ఎమ్మెల్యేగా నిలబడాలంటే పాతికేళ్ళ వయసు, రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట ఓటు. ముత్తాతను అడిగేది మా చాయ్ హోటల్ ఒక్కటే. ముల్కీ పోరాటాన్ని ఈ బండికి కట్టకండని ఒక్కసారి గట్టిగానే అరిచాను. 1952లో దొంగ ముల్కీ సర్టిఫికెట్ల మీద పిల్లలు రోడ్డెక్కి తూటాలు తిన్నారు. అది కొలువుల లెక్క, ఎడ్ల లెక్క కాదు. అప్పటి ముఖ్యమంత్రి మన పాలమూరాయనే, బూర్గుల రామకృష్ణారావు. పుట్టింది పడకల్, ఇంటిపేరు పుల్లంరాజు, లోకానికి బూర్గుల. మా సంపాదకవర్గం చేతికి చిక్కితే ఆయన జీవిత చరిత్ర ఇంటిపేరు దగ్గరే ఆగిపోయేది.

ఇదే హోటల్లో 2022 దీపావళికి రిషి సునాక్ బ్రిటన్ ప్రధాని అవుతున్నాడని మిఠాయి పంచారు. ఆయన సౌతాంప్టన్‌లో పుట్టాడు, తాతది ఇప్పటి పాకిస్తాన్‌లోని గుజ్రాన్‌వాలా. అయినా 'మనోడే'. సముద్రాలు దాటినోడికి తాత చాలు, కృష్ణ దాటినోడికి ఏడు తరాలూ చాలవు. 2024లో షికాగోలో నల్లజాతి పాత్రికేయుల సభలో ట్రంప్, కమలా హారిస్ ఇండియనా, నల్లజాతి మనిషా అని అడిగినప్పుడు మా ప్లీడర్ 'అదేం ప్రశ్న, తల్లి అటు, తండ్రి ఇటు' అని ఎంతో న్యాయంగా మాట్లాడాడు. మాచర్ల దిక్కు బండి విషయానికొస్తే ఆ న్యాయం పనిచేయదు.

పానగల్లు ఇక్కడికి కూతవేటు. అక్కడి నుంచి ఏలిన కందూరు చోడులు మేం కావేరి ఒడ్డు కరికాల చోళుడి వంశం అని చెప్పుకున్నవాళ్ళు. వాళ్ళు తవ్వించిన ఉదయసముద్రం నీళ్ళు ఊరు ఇప్పటికీ తాగుతోంది. ఇప్పుడందులోకి వచ్చే కృష్ణ నీళ్ళు పుట్టేది మహాబలేశ్వరంలో. ఇంకా ఎవరూ వెనక్కి పంపలేదు.

నీళ్ళంటే గుర్తొచ్చింది. ఫ్లోరైడ్ నీళ్ళలో పటిక, సున్నం కలిపి శుద్ధిచేసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అంటుంది. మన ఊరి పేరు ఒక రోగం పక్కన నిలిచింది. మర్రిగూడ దిక్కు ఆ ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుము వంగిన మనిషి ముందు నిలబడి నాయకుడి ముత్తాత సంగతి అడగండి, సిగ్గు లేకపోతే. పాలమూరు వలస కూలీ ఎత్తని మట్టి తట్ట లేదు ఈ దేశంలో. భీవండిలో, షోలాపూర్‌లో మన పద్మశాలీల మనవలు మగ్గాల మీదున్నారు. రేపెవడో వాళ్ళను 'మీ తాత ఏ బస్సు దిగాడు' అంటే రక్తం ఉడకదా? ఇంటికొకరు బొంబాయి బస్సెక్కిన నేల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని 'వలసొచ్చినోడు' అనడానికి నోరెట్లా వస్తుందయ్యా మీకు? ఆ మనిషిని తిట్టండి, వద్దనను. పదవిలో ఉన్న పదేళ్ళు ఏం చేశాడో అడిగి తిట్టండి.

ఆ పదేళ్ళకు సంచికలో పదకొండు లైన్లు ఇచ్చారు. ఎవరైనా చదువుతున్నారా అని అనుమానమొచ్చి, పన్నెండో లైను నేనే ఇరికించాను: 'వీరి హయాంలో మండలానికి సముద్రం తెప్పించారు.' మూడు ప్రూఫులు దాటింది.

నిన్న రాత్రి సంచిక అధ్యక్షుడు ఫోన్ చేశాడు. గొంతులో టెన్షన్.

"సారూ, ఆ సముద్రం లైన్ మస్తుంది, ఉండనీయండి. గా ముత్తాత లైన్ ఒక్కటి తీసెయ్యండి."