స్వర్ణముఖి ఇసుకతో పళ్లు మొలవవు

ఆ సందేశం నాకు రావడం ఈ వారంలో ఇది ఆరోసారి. ఈసారి పంపింది రేణిగుంటలో ఉండే మా బావ. పైగా ‘పళ్ల డాక్టరువి కదా, ఇన్నాళ్లూ మాకెందుకు చెప్పలేదు?’ అని నిష్ఠూరం కూడా. ఏడాదిగా తిరుగుతున్న ఆ సందేశం చెప్పేది ఇది: రంధ్రాలున్న నానో పొడిలో ఎముకను పెంచే ప్రోటీన్ నింపి పంటి చిగుళ్లలో పెడితే ఊడిన పన్ను వారంలో మొలుస్తుందట. రంధ్రం ఎంత చిన్నదైతే అంత బలమట. పుత్తూరు కట్టు రహస్యమూ అదేనట. ఆ పొడి సిలికా, సిలికా అంటే ఇసుక, కనుక స్వర్ణముఖి ఇసుక జల్లించి తోముకుంటే చాలట.

బీఎంపీ-2 అనే ఆ ప్రోటీన్ పెంచేది ఎముకను, పన్నును కాదు. పై దవడలో సైనస్ అనే గాలి గది దగ్గర, పన్ను తీసిన చోట ఎముక పెంచడానికి దాన్ని కొలాజెన్ అనే ప్రోటీన్‌తో చేసిన స్పాంజిలో నానబెట్టి వాడవచ్చని అమెరికాలో 2007లో అనుమతి ఇచ్చారు. అలా పెరిగిన ఎముకలో ఇంప్లాంటు, అంటే కట్టుడు పన్నును నిలబెట్టే మర, బిగించాలి. దానికి నెలలు పడుతుంది. వారంలో దోసపాదు కూడా కాయదు.

ఇక రంధ్రం సంగతి. ఆ ప్రోటీన్ పొడవు దాదాపు 7 నానోమీటర్లు. 3 నానోమీటర్ల రంధ్రంలో దాన్ని పెట్టడమంటే చెంబులో గుమ్మడికాయ పెట్టడమే. పుత్తూరు కట్టు విరిగిన ఎముకను కదలకుండా పట్టి ఉంచుతుంది, అతుక్కునే పని ఎముకే చేసుకుంటుంది. దాన్ని ఇందులోకి లాగకండి.

నాకు ఒళ్లు మండేది ఇసుక దగ్గర. గత నెల చంద్రగిరి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. జేబులోంచి చిన్న స్టీలు డబ్బా తీసి మూత తెరిచారు. మెత్తగా జల్లించిన ఇసుక. ‘ఆరు నెలలుగా తోముతున్నాను నాయనా, ఇంకా మొలవలేదు’ అన్నారు. కోరపళ్ల మొదట్లో గోరు దిగేంత గాట్లు పడ్డాయి. చన్నీళ్లు తగలగానే కుర్చీలోంచి లేచిపోయారు. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో ఇసుకలోని స్ఫటికం (క్వార్ట్జ్) 7, పంటి పైపొర అయిన ఎనామెల్ 5. ఏది అరిగిపోతుందో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. ఎనామెల్‌ను తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే పోతాయి, కనుక అరిగింది అరిగినట్టే. ఇసుకతో పళ్లు మొలిచేవే అయితే ఇసుక లారీల డ్రైవర్లకు ఈపాటికి రెండు వరసలు ఉండాలి.

టూత్‌పేస్టులోనూ సిలికా ఉందిగా అంటారు. ఉంది. అది పంటిని కోయకుండా కొలత పెట్టి తయారుచేసిన మెత్తని రకం, ఏటి ఒడ్డున తవ్వినది కాదు.

నిజానికి ఈ సందేశం పుట్టిన మూలంలో అబద్ధం లేదు. స్పాంజిలో పెట్టిన ప్రోటీన్ చాలావరకు మొదటి కొద్ది రోజుల్లోనే బయటికి వచ్చేస్తుంది. అందుకని ఎక్కువ మోతాదు పెట్టాలి, వాపు వస్తుంది. తగినంత పెద్ద రంధ్రాలున్న సిలికా కణాలు దాన్ని పట్టి ఉంచి మెల్లగా వదులుతాయన్నది మంచి ఆలోచన. ఎలుకల్లో, కుందేళ్లలో ఫలితాలు బాగున్నాయి. అది నా కుర్చీ దాకా వస్తే ముందుగా సంతోషించేది నేనే.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ పెద్దాయన ఏడాది కిందట మా దగ్గరికే వచ్చి, ఇంప్లాంటు ధర అడిగి, మాట్లాడకుండా వెళ్లిపోయారట. నాకు గుర్తు లేదు. ఆయనకు గుర్తుంది. ఈసారి వెళ్తూ డబ్బా నా బల్ల మీద వదిలేశారు.