స్టార్టప్ సమూహానికి ముందు ఫోన్, వెబినార్ ఆ తర్వాతే

ఉన్నట్టుండి హాలు తలుపులు మూసేయాల్సి వస్తే, స్టార్టప్ సమూహాలు నడిపేవాళ్ల చెయ్యి మొదట క్యాలెండర్ మీదికి పోతుంది. మంగళవారం మీటప్, గురువారం మెంటార్ సెషన్, నెలాఖరున పిచ్ పోటీ. అన్నింటికీ తలో జూమ్ లింకు తగిలిస్తే ఆన్‌లైన్‌లోకి వచ్చేసినట్టే అనుకుంటారు. మొదటి వెబినార్ కిటకిటలాడుతుంది. నాలుగోదానికి వచ్చినవాళ్లు కెమెరా ఆపేసి మెయిల్స్ చూసుకుంటుంటారు.

హాల్లో జరిగింది కార్యక్రమమే. అసలు పని హాలు బయట, కాఫీ కప్పులు పట్టుకుని నిలబడ్డ చోట జరిగేది. 'వచ్చే నెల జీతాలకు డబ్బుల్లేవు' అని మైకు పట్టుకుని ఎవరూ చెప్పరు. ఆ మాట చెప్పుకునే చోటును కట్టకుండా వేదికను మాత్రమే ఆన్‌లైన్‌కు తెస్తే మిగిలేది ప్రేక్షకులే.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. మార్చి 13న ఎస్టోనియాలో 'హ్యాక్ ద క్రైసిస్' పేరుతో 48 గంటల ఆన్‌లైన్ హ్యాకథాన్, అంటే బృందాలుగా కూడి గడువులోగా ఒక సమస్యకు పరిష్కారం తయారుచేసే పోటీ, మొదలైంది. కొత్త స్టార్టప్‌లకు పెట్టుబడి, శిక్షణ ఇచ్చే అమెరికా సంస్థ వై కాంబినేటర్, తన బ్యాచ్ స్టార్టప్‌లు ఇన్వెస్టర్ల ముందు తమ కంపెనీని పరిచయం చేసే డెమో డేను మార్చి 23 నుంచి 16కు జరిపి ఆన్‌లైన్‌లోనే కానిచ్చింది. అవి అంత వేగంగా కుదిరినప్పుడు మిగతావి ఎందుకు కుదరవని అడగొచ్చు. హ్యాకథాన్‌కు మొదలూ చివరా ఉన్నాయి, వచ్చినవాళ్లకు చేయాల్సిన పనేమిటో తెలుసు. డెమో డే నాటికి ఆ బ్యాచ్ వారాల తరబడి ముఖాముఖి కలిసి పనిచేసి ఉంది. అంటే నమ్మకం ముందే కుదిరింది, ఆన్‌లైన్‌కు మారింది ఆఖరి ఘట్టం మాత్రమే. రోజువారీ సమూహానికి ఈ రెండు సౌలభ్యాలూ ఉండవు.

అందుకే మొదటి వారం లింకులు పంపడం ఆపి ఫోన్ చేయాలి. 120 మంది సభ్యులుంటే నలుగురు, ఒక్కొక్కరు రోజుకు పది కాల్స్ చొప్పున మూడు రోజుల్లో పూర్తి చేస్తారు. కాల్‌కు 15 నిమిషాలు, ప్రశ్నలు మూడు. రాబడి ఈ రోజే ఆగిపోతే బ్యాంకులో ఉన్నది ఎన్ని వారాలకు సరిపోతుంది? ముందుగా కట్టాల్సిన బాకీ ఏది? ఈ వారం ఎవరితో మాట్లాడితే పని జరుగుతుంది? వారాల్లో అడగడానికి కారణం ఉంది. నెలల్లో అడిగితే 'మూడు నాలుగు' అని ఉజ్జాయింపుగా చెప్పేస్తారు, వారాల్లో అడిగితే ఖాతా తెరిచి చూస్తారు. ఆ జవాబుల షీట్ ఇద్దరికి మించి కనిపించకూడదు. ఒక్క అంకె ఇన్వెస్టర్ చెవిన పడిందా, ఆ ఫౌండర్ (కంపెనీ పెట్టిన మనిషి) మళ్లీ నిజం చెప్పడు. ఎనిమిది వారాల లోపు డబ్బున్నవాళ్లకు లెక్కలు తెలిసిన మెంటార్‌ను అదే రోజు కలపాలి. మిగతావాళ్లు వారం ఆగగలరు.

రెండో వారం నుంచి ఐదుగురేసి బృందాలు. ఒకరికొకరు పోటీదారులు కాకూడదు, చేతిలో ఉన్న డబ్బు ఇంచుమించు ఒక స్థాయిలో ఉండాలి. ఆరు వారాలే ఉన్నవాడిని ఏడాదిన్నరకు సరిపడా ఉన్నవాడి పక్కన కూర్చోబెడితే మొదటివాడు నోరు విప్పడు. సమావేశం 75 నిమిషాలు. పలకరింపులకు పది, మనిషికి పన్నెండు చొప్పున అరవై, చివరి ఐదు వచ్చే వారానికి. ఆ పన్నెండులో మూడు నిమిషాలు సమస్య చెప్పడానికి, ఏడు ఇతరుల ప్రశ్నలకు, రెండు తర్వాతి అడుగు రాసుకోవడానికి. రికార్డింగ్ వద్దే వద్దు. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు సమావేశం తెగిపోతుంది. సరిగ్గా మూడో మనిషి గుట్టు విప్పుతున్నప్పుడు తెగుతుంది కాబట్టి ఆ ఖర్చుకు వెనకాడకూడదు.

ఇక మెంటార్లు. కష్టకాలంలో వీళ్లకు కొరతేమీ ఉండదు, ఎక్కువవడమే సమస్య. సలహా ఇవ్వాలని అందరికీ ఉంటుంది. ఒకే ఫౌండర్ వారంలో ఆరుగురితో మాట్లాడితే ఒకరు ధర తగ్గించమంటారు, ఒకరు పెంచమంటారు, మరొకరు ఉత్పత్తినే మార్చమంటారు. చివరికి ఏదీ జరగదు. ఫౌండర్‌కు ఇద్దరే మెంటార్లు, ఆరు వారాలు ఆ ఇద్దరే. 25 నిమిషాల స్లాట్, మధ్యలో ఐదు నిమిషాల విరామం. 24 గంటల ముందు ఒక పేజీ నోట్ రాకపోతే స్లాట్ మరొకరికి వెళ్లిపోతుంది. కఠినంగానే ఉంటుంది. కానీ ఆ నోట్ లేకపోతే సగం స్లాట్ 'మీ కంపెనీ ఏం చేస్తుంది' దగ్గరే అయిపోతుంది.

చాట్‌కు మూడు ఛానెళ్లు చాలు: ప్రకటనలు, అడగండి, ఏమైంది. అడిగేవాళ్లు ఏం కావాలో, ఎప్పటికి కావాలో, ఇప్పటికే ఏం ప్రయత్నించారో రాయాలి. ప్రతి ప్రశ్నకూ 24 గంటల్లో ఎవరో ఒకరు స్పందించేలా వంతులు వేసుకోవాలి. జవాబు రాని మొదటి ప్రశ్నే ఆ ఛానెల్‌లో ఆ మనిషి అడిగే ఆఖరి ప్రశ్న అవుతుంది. స్లాక్ ఉచిత ప్లాన్‌లో 90 రోజులు దాటిన సందేశాలు కనిపించవు, వాట్సాప్‌లో పాత జవాబు వెతకడం గడ్డివాములో సూది కోసం దేవులాడటమే. వారానికో అరగంట పెట్టుకుని పనికొచ్చే జవాబుల్ని ఒక డాక్యుమెంట్‌లోకి ఎక్కించాలి.

ఇంత తెలిసినా వెబినార్లతోనే ఎందుకు మొదలుపెడతారంటే, స్పాన్సర్లు తలలు లెక్కపెడతారు. వాళ్లకు వేరే లెక్క అలవాటు చేయాలి: ఎన్ని పరిచయాలు అడిగారు, వాటిలో ఎన్ని నిజంగా మాటల దాకా వచ్చాయి, ఆరో వారంలోనూ కలుస్తున్న బృందాలెన్ని. ఈ అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి, మొదటి నివేదికలో మొహమాటం తప్పదు.

వెబినార్‌కూ చోటుంది. షీట్‌లో, చాట్‌లో ఒకే ప్రశ్న పదిమంది అడిగినప్పుడు, అద్దె తగ్గించమని యజమానితో ఎలా మాట్లాడాలి లాంటిది, దాని మీద గంట పెట్టొచ్చు. ఇరవై నిమిషాలు ప్రసంగం, నలభై ప్రశ్నలు. స్క్రీన్ షేరింగ్ నిర్వాహకుడి చేతిలోనే ఉండాలి, వచ్చేవాళ్లను ఆపి చూసి లోపలికి పంపే వెయిటింగ్ రూమ్ దగ్గర వేరే మనిషి ఉండాలి. అడిగినవాళ్లు పదిమందైనా లేకపోతే ఆ వారం వెబినార్ అక్కర్లేదు.