మూడు తులాల పరిశోధన

ఈ దేశంలో అప్పు మీద జరిగినన్ని పరిశోధనలు ఇంకే జబ్బు మీదా జరిగి ఉండవు. విద్యా రుణాల మీద ఒకరు, గృహ రుణాల మీద ఇంకొకరు, పంట రుణాల మీద మరొకరు, వీటన్నిటినీ కలిపి పెద్ద పేరు పెట్టి నాలుగో ఆయన. చిక్కేమిటంటే, వీళ్ళు నలుగురూ నాలుగు దార్లలో బయల్దేరి చివరికి అనంతపురంలో మా ఇంటి గడప దగ్గర ఢీకొంటారు. మా ఇంట్లో ఈ నాలుగు శాఖలకూ కలిపి ఉన్నది ఒకటే ఆస్తి: మా ఆవిడ మెడలోని మూడు తులాల రెండు పేటల చైను. మెడలోది అని అలవాటు కొద్దీ అనేశాను. అది మెడలో ఉన్న రోజుల కంటే బ్యాంకు కవరులో ఉన్న రోజులే ఎక్కువ.

కాబట్టి నేను సర్వేలు, ప్రశ్నావళులు వగైరా పెట్టుకోకుండా ఆ చైను ఎటు పోతే అటు వెంబడించాను. పద్నాలుగేళ్ళు పట్టింది. ఇంత దీర్ఘకాలిక అధ్యయనం ఏ యూనివర్సిటీలోనూ జరగలేదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ముందుగా పూర్వ పరిశోధనల సమీక్ష. ఎవరూ చదవకపోయినా ఇది పెట్టాలట. 1800లో నిజాం మన సీమను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాక మన్రో దొర 1807 దాకా ఇక్కడ కలెక్టరు. మా వైపు పిల్లలకు మన్రోలప్ప అని పెట్టుకునేంత మంచి పేరు తెచ్చుకున్నాడాయన. బ్యాంకు మేనేజరు పేరు పిల్లలకు పెట్టుకున్నవాళ్ళు మాత్రం నాకింతవరకు తగల్లేదు. తర్వాత 1883లో, 1884లో తెల్లవాళ్ళు చట్టాలు చేసి రైతులకు తక్కావి అప్పులిచ్చారు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. ఇవన్నీ ఏమైనాయో చూద్దామని రిజర్వు బ్యాంకు 1951-52లో దేశమంతా గ్రామీణ పరపతి సర్వే చేయించింది. రైతు తెచ్చిన నూరు రూపాయల అప్పులో సర్కారు, సహకార సంఘాలు, బ్యాంకులు అన్నీ కలిసి ఇచ్చింది ఏడు రూపాయల చిల్లర అని తేలింది. మిగతా తొంభై రెండుకు పైగా షావుకార్లు, వాళ్ళూ వీళ్ళూ. దాంతో కమిటీ పెద్దలు తేల్చిందేమంటే, సహకారం విఫలమైంది, అయినా సహకారం సఫలం కావాల్సిందే. సప్లిమెంటరీ రాసినప్పుడల్లా మా వాడూ సరిగ్గా ఇదే మాట చెప్తాడు, వాడికి మాత్రం తిట్లు.

ఆ తర్వాత 1969లో బ్యాంకుల జాతీయీకరణ, 1982లో పల్లె అప్పుల కోసమే నాబార్డు అనే బ్యాంకు, 1998లో కిసాన్ క్రెడిట్ కార్డు. ఫలితం? 2019 నాటి కేంద్ర సర్వేలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి. కుటుంబానికి సగటున 2,45,554 రూపాయలు. దేశం సగటు 74,121. రెండింట్లోనూ దేశంలో ఫస్ట్ ర్యాంకు మనదే. ఎంసెట్‌లో నాలుగు వందల ర్యాంకు వస్తేనే సప్తగిరి సర్కిల్ నిండా ఫ్లెక్సీలు కట్టే మనం దీనికి ఒక్కటి కూడా ఎందుకు కట్టలేదో అర్థం కాదు. మిగిలిన 6.8 శాతం మంది అప్పు వద్దన్నవాళ్ళా, పుట్టనివాళ్ళా అన్నది మళ్ళీ వేరే పరిశోధన.

ఇక క్షేత్ర పరిశీలన. మొన్న జులైలో మా వాడి మూడో సంవత్సరం ఫీజు కోసం చైను కుదువ పెట్టడానికి పోయాను. అప్రైజరు కవరు కూడా అడగలేదు, చైనును చూసి పలకరింపుగా నవ్వాడు. దాన్ని గీటురాయి మీద మెల్లిగా గీసి, గీత మీద యాసిడ్ చుక్క వేసి, మసి పట్టిన వేలితో కాస్త పక్కకు జరిపి వెలుతురులో చూశాడు. పద్నాలుగేళ్ళుగా అదే చైను, అదే రాయి, అయినా ప్రతిసారీ గీస్తాడు. ఈసారి వందన్నర మిల్లీగ్రాములు తగ్గిందన్నాడు. మెడలో అరిగిందేమో అన్నాను. "మెడలో యాడుందిలేన్నా, నా రాయి మీదే అరిగుంటుంది" అన్నాడు. నిజాయితీపరుడు.

తర్వాత కౌంటరు.

"ఏం పంటకన్నా?" అన్నాడు క్లర్కు, ఫారం మీద నుంచి తల ఎత్తకుండా.

"బీటెక్ సార్. థర్డ్ ఇయర్."

"అది లిస్టులో లేదప్పా. చెనిక్కాయ అని రాస్తా. ఎన్నెకరాలు?"

"నాలుగు."

"బోరు ఉందా, వర్షాధారమా?"

నేను కాలేజీ గురించే ఆలోచిస్తున్నాను కదా, నోరు జారి "వర్షాధారమే సార్, ఫీజు రీయింబర్స్‌మెంట్ పడితే పడినట్టు, లేకుంటే లేదు" అన్నాను. ఆయన తల ఎత్తి ఒకసారి చూసి, వర్షాధారం అనే రాసుకున్నాడు.

అంతే. ఆ ఒక్క సంతకంతో ఈ దేశంలో వేరుశనగ సాగుకు అందిన రుణం లక్షా ఎనభై వేలు పెరిగింది. బ్యాంకులు తామిచ్చే అప్పుల్లో 18 శాతం వ్యవసాయానికి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ 18లో మా వాడి కంప్యూటర్ ల్యాబ్ ఫీజు, బస్సు ఫీజు, ఎందుకో తెలియని ‘ఇతరములు’ కూడా ఉన్నాయి. ఎక్కడో ఢిల్లీలో ఒకాయన ఆ లెక్క చూసి, రాయలసీమలో వర్షం లేకపోయినా సాగుకు పరపతి బ్రహ్మాండంగా పెరిగిందని పేపర్ రాసుకుంటాడు. ఆయన తప్పు ఏమీ లేదు, ఫారంలో ఉన్నదే రాశాడు. క్లర్కు తప్పూ లేదు, ఆయనకు టార్గెట్ ఉంది. నా తప్పు అసలే లేదు, వ్యవసాయం అంటే వడ్డీ తక్కువ. 2024 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకే, బంగారం మీద ఇచ్చిన అప్పు దేనికి వాడుతున్నారో సరిగా చూడటం లేదని బ్యాంకులను, ఫైనాన్స్ కంపెనీలను మందలించింది. చూడాలంటే మా వాడి హాస్టల్ మెస్‌కు రావాలి. రమ్మనండి, ఆదివారం చికెన్ కూడా పెడతారు.

చెప్పడం మరిచాను, ఆ నాలుగెకరాల్లో చెనిక్కాయ నిజంగానే ఉంది. కళ్యాణదుర్గం దగ్గర చేను. పెట్టింది మాత్రం నేను కాదు, కౌలుకు చేసే మనిషి. ఆయనకు బ్యాంకులో అప్పు పుట్టదు, ఎందుకంటే వన్-బీ అనే భూమి రికార్డు, పాసుపుస్తకం నా పేరు మీద ఉన్నాయి, ఆ చేను మీద పంట రుణం నేను ఎప్పుడో తీసేసుకున్నాను. 2019 చట్టం ప్రకారం పదకొండు నెలల సాగుదారు కార్డు తీసుకోవచ్చు, దానికి భూమి యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి పోతుందని మా నాన్న చెప్పాడు. పోదని చట్టంలో ఉంది, నేను చదివాను. అయినా పెట్టలేదు. ఆ కౌలు మనిషి పోయిన నెల విత్తనాల అంగట్లో మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నాడు. అంటే ఏడాదికి 36 శాతం. పరిశోధకుడు తటస్థంగా ఉండాలి కాబట్టి నేను ఈ విషయంలో జోక్యం చేసుకోలేదు.

ఆ పంట రుణం సంగతి కూడా చూద్దాం. మూడు లక్షల లోపు పంట రుణానికి 7 శాతం వడ్డీ, గడువులో కడితే 3 శాతం వెనక్కి, అంటే 4 శాతమే. కాగితం మీద ఇంత మంచి పథకం ఇంకోటి ఉండదు. కాకపోతే మొత్తం కట్టి మళ్ళీ తీసుకోవాలి, అదీ గడువు లోపల. కట్టడానికి లక్ష ఉంటే అప్పు ఎందుకు? అందుకని బ్యాంకు ఎదురుగా టీ అంగడి దగ్గర ఒక పెద్దమనిషి ఉంటాడు. పొద్దున లక్ష ఇస్తాడు, మనం లోపలికి పోయి కడతాం, కొత్త అప్పు మన ఖాతాలో పడగానే లక్షా వెయ్యి తీసుకుంటాడు. నూటికి రూపాయి, రోజుకు. ఏడాదికి లెక్కేస్తే 365 శాతం. అయినా నేను క్యాలిక్యులేటర్ పెట్టి చూశాను, 3 శాతం రాయితీ కింద మూడు వేలు వస్తాయి, వెయ్యి పోయినా రెండు వేలు మిగులుతున్నాయి. 4 శాతం వడ్డీ అందాలంటే మధ్యలో ఒక రోజు 365 శాతం వంతెన దాటాలన్నమాట. ఆ పెద్దమనిషిని కూడా వ్యవసాయ పరపతి వ్యవస్థలో భాగంగా గుర్తించి, బ్యాంకు లోపలే ఒక కుర్చీ వేయాలని నా సూచన. ఎండలో నిలబడుతున్నాడు పాపం.

ఇంటి అప్పు గురించి క్లుప్తంగా. బ్యాంకు డబ్బు దశల వారీగా ఇస్తుంది, స్లాబు పడితేనే స్లాబు డబ్బు. స్లాబు పడాలంటే డబ్బు కావాలి. మళ్ళీ చైను. అందుచేత మా మిద్దె మీది స్లాబు కూడా రికార్డుల ప్రకారం చెనిక్కాయే. తర్వాత 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి ఎక్కింది. మా ఈఎంఐ మాత్రం రూపాయి పెరగలేదు, మా బ్యాంకు ఎంత దయగలదో అనుకున్నాం. ఏళ్ళు పెరిగాయట. ఇరవై ఏళ్ళ అప్పు నా రిటైర్మెంటు దాటి ఎక్కడికో పోయింది. మా వాడికి ఆస్తి ఏం మిగులుస్తావని ఇప్పుడెవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పగలను.

చదువు దగ్గరకు వస్తే ప్రభుత్వం 2021లో ఏకంగా క్రెడిట్లకే ఒక బ్యాంకు పెట్టింది, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని. పేరు వినగానే ఆశ పుట్టి విచారించాను. పిల్లవాడు క్లాసులు విని పాసైతే క్రెడిట్లు జమ అవుతాయి, ఏడేళ్ళ వరకు చెల్లుతాయి. ప్రోనోటుకు మూడేళ్ళే ఆయుష్షు, మూడేళ్ళకోసారి తిరగరాయించుకోకపోతే చెత్తకాగితం, ఆ లెక్కన క్రెడిట్ మేలు. వాటిని కుదువ పెట్టుకుని ఎంతో కొంత ఇస్తారా అని మా బ్యాంకులో అడిగాను. క్లర్కు చాలాసేపు నన్ను చూసి, చైను తెచ్చావా అన్నాడు.

విద్యా రుణం తీసుకోవచ్చు కదా అంటారు. నాలుగు లక్షల వరకు తాకట్టు అక్కర్లేదు, నిజమే, తండ్రి కూడా సంతకం పెడితే చాలు. ఆ తండ్రి పాత అప్పులు ఎలా కట్టాడో చెప్పే సిబిల్ స్కోరు చూస్తారు, అదే గొడవ. 300 నుంచి 900 దాకా ఉండే ఆ స్కోరులో నాది ఎంతో చెప్పను, మా ఆవిడ కూడా ఇది చదువుతుంది. ఊళ్ళో మా పెదనాయన జన్మలో బ్యాంకు అప్పు చేయలేదు, ఆయన రిపోర్టు తీయిస్తే మైనస్ ఒకటి వచ్చింది. చరిత్ర లేదని అర్థమట. ఎనభై ఏళ్ళ మనిషికి చరిత్ర లేదంటే ఆయన బాధపడ్డాడు. క్రెడిట్‌కు పరపతి అని తెలుగు పెట్టినాయన అనుభవం మీద పెట్టి ఉంటాడు, అది ఉన్నవాడికే ఇది పుడుతుంది.

చివరగా ఒక ప్రయోగం. మొన్న మాఘంలో కడపలో మా మరదలి కూతురి పెళ్ళి. బోసి మెడతో రానని మా ఆవిడ తేల్చి చెప్పింది. రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి చైను విడిపించాను, పెళ్ళి కాగానే మళ్ళీ లోపల పెట్టి ఆ బాకీ తీర్చేలా ఒప్పందం. ఫోటోల్లో బ్రహ్మాండంగా వచ్చింది. తలంబ్రాలప్పుడు చైను మీద పడ్డ బియ్యపు గింజలను మా ఆవిడ ఒక్కొక్కటే ఏరి తీయడం చూస్తే నాకే ముచ్చటేసింది.

భోజనాల దగ్గర దూరపు బావమరిది ఒకడు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఓళిగ తుంచుతూ, చైను వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"బావా, నీకేమి, దేవుడు బాగానే చూసినాడు. నాకో యాభై వేలు సర్దు, ఉగాదికి ఇచ్చేస్తా."

నేను ఆకు మీద నుంచి తల ఎత్తలేదు.

"ఏం పంటకప్పా?" అన్నాను.