అంతర పంట లాభం కలుపు ఖర్చులోనే తేలుతుంది

అంతర పంట, అంటే ప్రధాన పంట సాళ్ల మధ్య వేసే రెండో పంట, మాట ఎత్తగానే అది అమ్మితే ఎంత వస్తుందన్న లెక్కే వినిపిస్తుంది. కూరగాయల సాగులో ఈ లెక్క కలుపు దగ్గర మొదలవ్వాలి. తొలి 40 రోజుల్లో కలుపు కూలీలకు ఎంత పోసామన్న దాన్ని బట్టే చివరికి చేతిలో ఏం మిగులుతుందో తేలుతుంది.

రంగారెడ్డి, వికారాబాద్ వైపు పందిరి తోటలే చూడండి. బీర, కాకర సాళ్ల మధ్య రెండు మీటర్ల దాకా ఎడం ఉంటుంది. తీగ పందిరెక్కి నీడ పరచడానికి నెల పైనే పడుతుంది. ఆలోపు మనం ఏమీ వేయకపోతే ఊద, గరిక, తుంగ వచ్చి కూర్చుంటాయి. అక్కడ కొత్తిమీర, మెంతికూర వేస్తే నీడ కమ్మేలోపు చేతికొస్తాయి. కొత్తిమీరను వేళ్లతో సహా పీకి కట్టలు కడతారు. పీకేటప్పుడు పిడికిట్లోకి వచ్చిన గడ్డిని అక్కడే ఏరి గట్టున పడేస్తారు. కోత కూలిలోనే సగం కలుపు తీత అయిపోతుంది. రైతుబజార్‌లో కట్ట ధర పడిపోయినా ఈ ఆదా మాత్రం ఎటూ పోదు.

అయితే విత్తనం చల్లేస్తే ఈ లాభం రాదు. చల్లిన మడిలోకి సాళ్ల మధ్య కలుపు తీసే దంతె పోదు, వీడర్ పోదు, ప్రతి కలుపు మొక్కా చేత్తో పీకాల్సిందే. సాళ్లలో వేయడానికి ఒక పూట ఎక్కువ పట్టినా అదే నయం.

కలుపు మందులతో ఇంకో తంటా. తెల్లదోమకు అడ్డుగా తోట చుట్టూ మొక్కజొన్న వేస్తారు. అలవాటు కొద్దీ దానికి అట్రజిన్ కొడితే పక్కనున్న కూరగాయ మొలకలు మాడతాయి. లోపలి గడ్డికని క్విజలోఫాప్ కొడితే, అది తగిలిన చోట గడ్డి జాతిదే అయిన మొక్కజొన్న చస్తుంది. పైగా 40 రోజుల్లో తినే ఆకుకూర పక్కన మందు కొట్టడమేమిటి! రెండు పంటలకూ సరిపడే మందు లేనప్పుడు చేతి పనికి కూలీలు దొరుకుతారో లేదో విత్తనం కొనకముందే చూసుకోవాలి.

తుంగ సంగతి వేరు. కలుపు రాకుండా నేల మీద పరిచే ప్లాస్టిక్ మల్చింగ్ షీట్‌నూ పొడుచుకుని వస్తుంది. దానికి వేసవి దుక్కులు చేసి, గడ్డలు ఎండకు ఎండేలా చేయాల్సిందే, అంతర పంట చాలదు. గట్ల మీది వయ్యారిభామ (పార్థీనియం) కలుపునూ వదలకూడదు. 2000లో అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను దెబ్బతీసిన వైరస్‌కు ఆశ్రయమిచ్చింది ఆ మొక్కే. దాని పుప్పొడితో తామర పురుగులనే చిన్న కీటకాలు తెగులును చేలోకి చేర్చాయి.

శాస్త్రవేత్తలు చెప్పే భూ సమతుల్య నిష్పత్తి 1.3 ఉందంటే, కలిపి వేసిన ఎకరం దిగుబడికి విడివిడిగా 1.3 ఎకరాలు కావాలని అర్థం. అందులో కూలి లెక్క ఉండదు. ప్రదర్శన క్షేత్రాల బోర్డు మీద దిగుబడి పక్కనే కలుపు తీతకు ఎన్ని కూలి దినాలు పట్టాయో కూడా రాస్తే, చూడ్డానికొచ్చిన రైతు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.