నారుమడికి దక్కాల్సిన వాటా

2022 మార్చి 20 రాత్రి గోవాలోని ఫతోర్డా మైదానంలో, ఫుట్‌బాల్ ఫైనల్ 68వ నిమిషానికి కేరళ బ్లాస్టర్స్ గోల్ కొట్టింది. హైదరాబాద్ ఎఫ్‌సీ పని అయిపోయిందని టీవీలు కట్టేయబోతున్న సమయంలో, 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలోనూ తేలలేదు. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు కిక్కులు ఆపాడు. 3-1. తెలుగువారి ఊరి పేరు పెట్టుకున్న జట్టు ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎత్తడం అదే మొదటిసారి. నెల్లూరులో, ఒంగోలులో ఈ ఆటను ప్రేమించేవాళ్లు ఎక్కువమంది లేరు. ఉన్న ఆ కొద్దిమందీ ఆ రాత్రి నిద్రపోలేదు.

ఆ సీజన్‌ను ఇప్పుడు గుర్తుచేయడానికి కారణం ఉంది. కోవిడ్ వల్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. గచ్చిబౌలి స్టేడియంలో ఒక్క ఆటా ఆడకుండానే హైదరాబాద్ విజేత అయింది. స్పెయిన్ నుంచి వచ్చిన కోచ్ మనోలో మార్కెజ్ కుర్రాళ్లను నమ్మాడు. అంతకుముందు ఏడాది ముంబయి సిటీకి ఆడి వచ్చిన నైజీరియా ఫార్వర్డ్ బార్తొలోమ్యూ ఒగ్బెచె 18 గోల్స్ కొట్టాడు. లీగ్ దశలో 38 పాయింట్లతో రెండో స్థానం, ఆపై కప్పు. మరుసటి ఏడాది 42 పాయింట్లు, మళ్లీ రెండో స్థానం. వరసగా రెండేళ్లు దేశంలో ఆ జట్టుకు సరితూగినవి ఒకటీ రెండే.

తర్వాత జరిగింది వేరు. కుడివైపు డిఫెండర్ ఆశిష్ రాయ్ 2022లోనే మోహన్ బగాన్‌కు వెళ్లాడు. 2023లో ఎడమవైపు కాసిన ఆకాశ్ మిశ్రా ముంబయి సిటీకి, ఫతోర్డాలో చివరి పెనాల్టీని గోల్‌గా మలిచిన హాలిచరణ్ నార్జరీ బెంగళూరుకు మారారు. కోచ్ గోవా చేరాడు. 2024 జనవరిలో నిఖిల్ పూజారి కూడా బెంగళూరు బాట పట్టాడు. జీతాలు బకాయి పడ్డాయి. కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం విధించింది. సీనియర్లు ఒక్కొక్కరే వెళ్లిపోగా, ఎక్కువగా కుర్రాళ్లతోనే కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో ఆ 2023-24 సీజన్‌ను లాక్కొచ్చాడు. 22 మ్యాచ్‌లలో ఒక్క గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు స్థానం. ఓడిపోతూ కూడా ప్రతి వారం మైదానంలోకి దిగిన ఆ పిల్లల పట్ల మాకు కప్పు గెలిచినవారి పట్ల ఉన్నంత గౌరవమూ ఉంది. చివరకు 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. 2019లో పుణె సిటీ స్థానంలో వచ్చిన క్లబ్బు, ఆరేళ్లలో మన దగ్గర్నుంచీ వెళ్లిపోయింది.

ఆటగాళ్లు డబ్బు కోసం జట్టును వదిలేశారన్న మాట అప్పట్లో చాలామంది అన్నారు. అది అన్యాయం. ఫుట్‌బాల్ ఆడేవాడి కాళ్లలో సత్తువ ఉండేది పది పన్నెండేళ్లు. ఒక్క మోకాలి గాయం చాలు, అదీ సగమవుతుంది. నెల జీతం సమయానికి రాని చోట ఎవరు మాత్రం ఎంతకాలం ఉంటారు? మన ఆక్వా చెరువుల మీద పనిచేసేవాడు ఉండడు, గ్రానైట్ క్వారీ డ్రిల్లర్ ఉండడు. ఆటగాడు మాత్రం ఎందుకు ఉండాలి?

పైగా బదిలీలే ఆ జట్టును కూల్చాయనడం నిజానికి దూరం. కప్పు గెలవడానికి ముందే, 2021లో, తన మెరుపు ఆటగాడు లిస్టన్ కొలాసోను హైదరాబాద్ మోహన్ బగాన్‌కు ఇచ్చింది. భారత ఆటగాడి బదిలీల్లో అది అప్పటికి పెద్ద మొత్తమని పత్రికలన్నీ రాశాయి. లిస్టన్ వెళ్లిన ఏడాదే కప్పు వచ్చింది. ఆశిష్ రాయ్ వెళ్లిన ఏడాది పాయింట్లు పెరిగాయి. వెళ్లినవాడి చోటుకు వెనక ఇంకొకడు తయారుగా ఉన్నంతకాలం బదిలీ క్లబ్బుకు బలమే. వెనక నారు లేనప్పుడు, ఉన్నవారికి కూలీ అందనప్పుడు చేను ఎండుతుంది.

ఇది కొత్త కథేమీ కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానంలో నిలిపారు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ రోజుల్లోనే మన ఆటగాళ్లు కలకత్తా రైలెక్కారు. తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, చివరిదాకా బెంగాల్‌లోనే ఉండిపోయారు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ 2-2 చేసినప్పుడు ఒక గోల్ మహమ్మద్ హబీబ్‌ది, హైదరాబాదీది. ఈ ఇద్దరూ 2023లో కన్నుమూశారు. వారు కలకత్తా వెళ్లడం తప్పని ఈనాటికీ ఎవరూ అనరు. వారి తర్వాత వారంతటి వాళ్లను తయారుచేసే మైదానాలు ఇక్కడ ఒక్కొక్కటిగా మాయమవుతుంటే చూస్తూ ఊరుకోవడమే తప్పు.

నెల్లూరు, ప్రకాశం, మన ఈ రెండు జిల్లాలకు బదిలీ గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. ఇక్కడి ఒంగోలు జాతి పశువులు 19వ శతాబ్దం నుంచే ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లాయి. 1960ల మొదట్లో పెద్ద సంఖ్యలో వెళ్లాయి. అక్కడ ఆ జాతిని పిలిచే పేరు నెలోర్, మన నెల్లూరే. నేడు బ్రెజిల్ మందల్లో సింహభాగం ఆ రక్తమే. బ్రెజిల్ రైతులు చేసిన పని ఒకటుంది: ఏ దూడ ఏ ఆవుకు పుట్టిందో, దాని తండ్రి ఏ ఎద్దో వంశావళి పుస్తకంలో ఎక్కించారు. ఆ కాగితం ఉన్నందుకే ఇవాళ ఒక్కో ఆవు వేలంలో కోట్లు పలుకుతోంది. ఆ జాతిని తరాలపాటు సాకిన మన పల్లెకు ఆ ధరలో రూపాయి రాదు. ఇక్కడ రాసిపెట్టిన లెక్క లేదు, అడిగే హక్కూ లేదు. ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లు లాంటి ఆ దేశం పేరు వచ్చినప్పుడల్లా మాకు ఈ సంగతే మనసులో మెదులుతుంది.

ఆటలో మాత్రం ఆ హక్కు ఉంది. ఒక ఆటగాడిని ఒక దేశపు క్లబ్బు నుంచి మరో దేశపు క్లబ్బు డబ్బిచ్చి తీసుకుంటే, ఆ మొత్తంలో 5 శాతం అతన్ని 12 ఏళ్ల నుంచి 23 ఏళ్ల దాకా పెంచిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నిబంధన. 12 నుంచి 15 ఏళ్ల మధ్య ఏడాదికి 0.25 శాతం, ఆ తర్వాత ఏడాదికి 0.5 శాతం. అంటే ఒక పిల్లవాడిని 12 నుంచి 18 ఏళ్ల దాకా ఏడు సీజన్లు కావలిలోని ఓ చిన్న క్లబ్బు ఆడించిందనుకుందాం. అతని బదిలీ ధర కోటి రూపాయలైతే ఆ క్లబ్బు వాటా రెండున్నర లక్షలు. బంతులు, బూట్లు, కోచ్ జీతం కలిపి చూస్తే చిన్న క్లబ్బుకు ఏడాది గడిచిపోతుంది. 23 ఏళ్ల లోపు తొలి ప్రొఫెషనల్ కాంట్రాక్టు మీద పెంచిన క్లబ్బులకు వచ్చే శిక్షణ పరిహారం దీనికి వేరు. మన దేశంలో కాంట్రాక్టు ముగిశాక ఉచితంగా మారేవారే ఎక్కువ కాబట్టి, ఈ రెండోదే చిన్నవాళ్లకు అసలు ఆధారం కాగలదు.

కానీ ఒక షరతు ఉంది. ఆ పిల్లవాడు ఆ క్లబ్బులో ఆడినట్టు నమోదై ఉండాలి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కేంద్రీకృత నమోదు వ్యవస్థలో పేరు, పుట్టిన తేదీ, క్లబ్బు, సీజన్ ఎక్కి ఉండాలి. మైపాడు ఇసుకలో చెప్పులు గోల్‌స్తంభాలుగా పెట్టి ఆడే కుర్రాడు రేపు చెన్నైలో ఎంత గొప్పవాడైనా, అతని పేరు 16వ ఏట అక్కడే మొదటిసారి రిజిస్టరులో పడితే, కాగితం మీద అతను చెన్నై బిడ్డే. మొలగొలుకుల వరి నారు పోసిన రైతుకు నారుమడి విలువ తెలుసు. హేచరీలో రొయ్యపిల్ల తీసినవాడు చెరువు రైతు దగ్గర లెక్కకట్టి డబ్బు తీసుకుంటాడు. బిడ్డను ఆటలో పెట్టిన డ్రిల్లు మాస్టారుకు, ఆయన బడికి మాత్రం ఆ లెక్క లేదు.

చెన్నై పేరు ఎత్తడానికీ కారణం ఉంది. నెల్లూరు పిల్లవాడికి హైదరాబాద్ కంటే చెన్నై బాగా దగ్గర. 2015లోనూ 2017-18లోనూ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన చెన్నైయిన్ ఎఫ్‌సీ ఉన్నది అక్కడే. ఉదయం రైలెక్కితే మధ్యాహ్నానికి ట్రయల్స్‌కు చేరవచ్చు. ఒంగోలు నుంచి నెల్లూరుకు అదే రైలు మార్గం, రెండు గంటల ప్రయాణం. రెండు జిల్లాల జట్లు వారాంతాల్లో ఒకరి ఊరికొకరు వెళ్లి ఆడుకోవడానికి అడ్డేమీ లేదు. ఏడాదికోసారి రెండు రోజుల టోర్నీ పెట్టి, ముఖ్య అతిథితో బంతిని తన్నించి, ఫొటో తీసుకుని పంపేస్తే ఆటగాళ్లు తయారుకారు. పిల్లవాడికి ఏడాదిలో పాతిక ముప్పై మ్యాచ్‌లు కావాలి. అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) పల్లె పిల్లల కోసం క్రీడా అకాడమీని నడిపి చూపించింది. కరవు జిల్లాలో సాధ్యమైనది, పెన్నా నీళ్లు పారే జిల్లాలో ఎందుకు సాధ్యం కాదు?

ఆటస్థలం లేని బడులకు అనుమతులు ఎలా వస్తున్నాయో మేము ఇదివరకూ అడిగాం, మళ్లీ అడుగుతున్నాం. అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఆరో తరగతి చదివే పిల్లవాడు బంతిని ఎక్కడ తన్నుతాడు? ఉన్న మైదానాలన్నా వాడుకుందామంటే, సాయంత్రం ఆరయ్యేసరికి గేటుకు తాళం. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. దీపాలు లేని మైదానానికి ఏ తల్లీ కూతురిని పంపదు.

అందుకే జిల్లా యంత్రాంగాన్ని మేము కోరేది పెద్ద స్టేడియం కాదు. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంతో మొదలుపెట్టి రెండు జిల్లాల్లోని ప్రభుత్వ మైదానాలు రాత్రి ఎనిమిదిన్నర దాకా దీపాలతో తెరిచి ఉండాలి. బడులు తెరిచే జూన్‌లోనే 13 ఏళ్ల లోపు పిల్లల జట్లను, బాలికల జట్లను వేరుగా, జిల్లా సంఘాలు నమోదు చేయాలి. దానికి తల్లిదండ్రుల చేత రుసుము కట్టించకూడదు. దేశంలోపలి బదిలీల్లోనూ పెంచిన క్లబ్బు వాటా దాని ఖాతాలో పడేలా రాష్ట్ర సంఘం సమాఖ్య దగ్గర పట్టుబట్టాలి. ఫతోర్డాలో కప్పు ఎత్తిన కుర్రాళ్ల ఇళ్లు ఉత్తరప్రదేశ్‌లోని బలరాంపుర్‌లో, సిక్కింలో, గోవాలో, అస్సాంలో ఉన్నాయి. ఈ ఏడాది మన బడుల్లో ఆరో తరగతిలో చేరే పిల్లలకు పదకొండేళ్లు. నిబంధనల ప్రకారం లెక్క మొదలయ్యే వయసుకు ఇంకా ఒక్క ఏడాదే ఉంది. రిజిస్టరు తెరవాల్సింది ఇప్పుడే.