గీత గొప్పదైతే మాట చెల్లుతుందా?

చేయి తిరిగిన ఒక పెద్ద కార్టూనిస్టు తోటి చిత్రకారులనో, కొత్తగా గీస్తున్నవారినో నలుగురిలో తూలనాడినప్పుడల్లా మనకు ఒకే సమాధానం వినిపిస్తుంది. ఆయన గీత చూడండి, ఆ స్థాయి మనిషికి ఆ మాట అనే హక్కు లేదా అంటారు. పాలిచ్చే ఆవు తన్నినా పడాలన్న సామెతను కూడా ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. ఈ సామెత ఇక్కడ అతకదు. సామెతలో పాలు తాగేదీ తన్నులు తినేదీ ఒకే మనిషి. ఇక్కడ పాలు పాఠకులకు అందుతున్నాయి, తన్నులు మాత్రం పక్కనున్న మరో చిత్రకారుడికి తగులుతున్నాయి. ఓర్చుకొమ్మని చెప్పేది ఒకరు, ఓర్చుకోవలసింది మరొకరు.

చాలా ఏళ్ల కిందట ఒక కార్టూన్ ప్రదర్శనలో కళ్లారా చూసిన సంగతి చెబుతాను. పదిహేడు, పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఒక అట్ట ఫైలు పట్టుకొని వచ్చి, అక్కడున్న పెద్ద కార్టూనిస్టు ముందు భయంభయంగా పెట్టాడు. ఆయన రెండు కాగితాలు తిప్పి, మూడోది చూడకుండానే ఫైలు మూసేసి, 'నీకు గీత లేదు, వేరే పని చూసుకో' అన్నారు. అదే సాయంత్రం మరో యువకుడు తన బొమ్మ చూపిస్తే, ఆయనే పెన్సిలు తీసుకొని కాగితం అంచున టీ గ్లాసు పట్టుకున్న చేతిని నాలుగు గీతల్లో వేసి, 'నీ బొమ్మలో గ్లాసు గాల్లో తేలుతోంది, వేళ్ల మీద బరువు పడలేదు, చూడు' అన్నారు. ఈ రెండో మాట కూడా మెత్తగా చెప్పింది కాదు. అయినా ఆ మాట అనాలంటే నలభై ఏళ్లు గీసిన చెయ్యి కావాలి. మొదటి మాట అనడానికి ఏ చెయ్యీ అక్కర్లేదు, దారిన పోయే ఎవరైనా అనగలరు.

నా వాదన ఇంతవరకే. చెప్పడానికి ప్రతిభ అవసరమైన విమర్శకు మాత్రమే ప్రతిభ అండగా నిలుస్తుంది. ఎవరైనా అనగలిగిన తిట్టుకు గొప్ప గీతను జామీనుగా చూపడం ఆ గీతకే అగౌరవం.

అమెరికా కార్టూనిస్టు ఆల్ క్యాప్ జీవితాన్ని గమనిస్తే ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన 1934లో మొదలుపెట్టిన 'లిల్ అబ్నర్' బొమ్మల కథ 1977 వరకు నడిచింది. కోట్లమంది చదివిన ఆ కథను జాన్ స్టైన్‌బెక్ వంటి రచయిత మెచ్చుకున్నాడు. అప్పట్లో పత్రికల్లో వచ్చే మరో చిత్రకారుడి బొమ్మల కథలో డిక్ ట్రేసీ అనే డిటెక్టివ్ పాత్ర వెలిగిపోతుండేది. క్యాప్ తన కథలోనే దానికి పేరడీగా 1942లో ఫియర్‌లెస్ ఫాస్‌డిక్ అనే పాత్రను సృష్టించాడు. ఫాస్‌డిక్ ఒంటినిండా తూటాలు దూసుకుపోయి, ఆ రంధ్రాల్లోంచి అవతలి వైపు కనిపిస్తున్నా, చిన్న గాయమేనంటూ డ్యూటీకి వెళ్లిపోతుంటాడు. తోటి చిత్రకారుడి కథలోని హింసనూ, ఆ హీరో మొండి చట్టబద్ధతనూ ఇంతకంటే పదునుగా విమర్శించడం కష్టం. ఆ విమర్శలో ప్రతి గీతా పనిచేసింది. క్యాప్ ముక్కుసూటితనం మరోచోట కూడా మంచికే పనికొచ్చింది. అమెరికా జాతీయ కార్టూనిస్టుల సంఘం మహిళలకు సభ్యత్వం ఇవ్వడానికి ఒప్పుకోనప్పుడు, నిరసనగా 1949లో రాజీనామా చేసినవాడు ఆయనే. ఆ మరుసటి ఏడాది సంఘం తలుపులు తెరుచుకున్నాయి.

అదే మనిషి 1967లో, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ పాటలు పాడుతున్న యువ గాయని జోన్ బేజ్‌ను గుర్తుకు తెచ్చేలా 'జోనీ ఫోనీ' అనే పాత్రను గీశాడు. పేరులోనే ఆమె నకిలీ అన్న తీర్పు ఉంది. పేదరికం మీద పాడుతూ లిమోజిన్ కారులో తిరిగే, అనాథల దగ్గర కూడా భారీగా డబ్బు అడిగే మనిషిగా ఆమెను చూపించాడు. బేజ్ క్షమాపణ కోరితే, అది ఆమె కాదని తప్పించుకున్నాడు. ఫాస్‌డిక్ విషయంలో అసలు కథ కళ్ల ముందు ఉంది, పేరడీ న్యాయమైనదో కాదో పాఠకుడే పోల్చి చూసుకోగలడు. ఇక్కడ పోల్చుకోవడానికి ఏమీ లేదు, ఒక మనిషి నిజాయితీ మీద వేసిన నింద తప్ప. చేయి తిరిగినదే, కాని ఆ చేతికి ఇక్కడ పని లేదు.

తన పాత యజమాని హామ్ ఫిషర్‌తో క్యాప్ పడిన వైరం మరింత బాధాకరం. 'జో పలూకా' అనే బొమ్మల కథ గీసిన ఫిషర్ దగ్గర క్యాప్ కుర్రతనంలో సహాయకుడిగా పనిచేశాడు. అక్కడ తనకు న్యాయం జరగలేదన్నది ఆయన ఫిర్యాదు, తన పాత్రలను దొంగిలించాడన్నది ఫిషర్ ఆరోపణ. 1950లో క్యాప్ ఒక ప్రముఖ మాసపత్రికలో, పేరు చెప్పకుండా, పాత యజమానిని రాక్షసుడిగా చిత్రిస్తూ వ్యాసం రాశాడు. ఫిషర్ ఇంకా దిగజారి, క్యాప్ బొమ్మల్లో అశ్లీలం ఉందని నిరూపించడానికి వాటిని మార్చి చూపించాడని తేలడంతో 1955లో సంఘం ఆయనను సస్పెండ్ చేసింది. ఆ ఏడాది చివర్లో ఫిషర్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ మరణానికి కారణం ఫలానా అని బయటివాళ్లం తేల్చలేం. ఒకటి మాత్రం చెప్పవచ్చు. ఇద్దరూ ప్రతిభావంతులే, ఇన్నేళ్ల తగవులో ఆ ప్రతిభ ఏ ఒక్కరి వాదనకూ రుజువు కాలేదు.

మన దేశంలో కార్టూనిస్టు శంకర్ దారి వేరు. 1948లో శంకర్ వారపత్రికను ప్రారంభించిన నెహ్రూ, నన్ను కూడా వదిలిపెట్టవద్దని ఆయనకు చెప్పిన మాట అందరికీ తెలిసిందే. శంకర్ పాళీ ప్రధానమంత్రి మీదికి వెళ్లింది. జవాబు చెప్పే అధికారమూ, వేదికా ఉన్నవాడి మీదికి వెళ్లింది. కొత్తగా గీసేవాళ్లకు మాత్రం ఆయన పత్రికలో చోటు దొరికింది.

ఇంత చెప్పినా, కటువుగా మాట్లాడే పెద్దల మీద మనకున్న అభిమానం ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలియకపోలేదు. మన సభల్లో శాలువాలకూ పొగడ్తలకూ లోటు లేదు. కాళ్లూ చేతులూ కుదరని బొమ్మల సంపుటిని కూడా వేదిక మీద అద్భుతమనే అంటాం. అంత తీపి మధ్య ఒక్కడు చేదుగా మాట్లాడితే, అతనొక్కడే నిజం చెబుతున్నాడనిపిస్తుంది. కాని చేదుగా ఉన్నదల్లా మందు కాదు. మొహమాటం లేని విమర్శ మనకు చాలా అవసరం. అది బొమ్మ పేరు పెట్టి, తప్పు చోటు చూపించి, ఎదుటివాడు బదులు చెప్పడానికి వీలిచ్చేదై ఉండాలి. అలా చూపించే తీరిక లేని పెద్దలు మౌనంగా ఉన్నా వారి గౌరవానికి లోటేమీ రాదు.

ఆ ప్రదర్శనలో, 'వేరే పని చూసుకో' అన్న మాట విని చుట్టూ ఉన్నవాళ్లం నవ్వాం. పెద్దాయన చమత్కారమనుకొని నేనూ నవ్వాను. కుర్రవాడు ఫైలు తాడు ముడివేసుకొని, ఆయనకు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. మూడో కాగితం మీద ఏముందో మాలో ఎవరమూ చూడలేదు. అతని పేరు కూడా అడగలేదు.