తోక మీద నేను

ఏవ్‌గ్యాస్, అదే విమానం పెట్రోలు, బిల్లు మీద సంతకం కోసం నిన్న విమానాలు పెట్టే హ్యాంగర్‌లోకి వెళ్లాను, అంతే. మా ఫ్లయింగ్ క్లబ్బులో నేను అకౌంట్స్ మనిషిని. ఇంజినీర్ గారు బిల్లు చూడలేదు, నన్ను చూశారు.

"మీరెంత ఉంటారండీ?"

"94 కిలోలు."

"సరిపోతారు."

సెస్నా 172 అనే చిన్న విమానం ముందు చక్రం విప్పాలట. ముక్కు లేవాలంటే తోక దిగాలి. తోక కింద రింగుకి ఇసుక బస్తాలు కట్టడం పద్ధతి. బస్తాలకి పొద్దున్నే ఇండెంట్ పెట్టారు, అంటే స్టోర్‌కి సరుకు కావాలనే చీటీ, మూడు కాపీలు. స్టోర్ కీపర్ గారు తాళంచెవి జేబులో వేసుకుని భోజనానికి వెళ్లారు. మా దగ్గర ఇసుకకి ఇండెంట్ కావాలి, అకౌంటెంటుకి అక్కర్లేదు.

తోక రెక్క మీద బరువు వేస్తే పాడవుతుందట. దానికి కాస్త ముందు, రివెట్ల వరుస కింద గట్టి చట్రం ఉంటుంది, అక్కడే ఆనాలి. ఆనాను. ముక్కు లేచింది. ఇంజినీర్ గారు చక్రం ఊడదీసి, "బేరింగులకి గ్రీజు పెట్టుకొస్తా" అంటూ పక్క షెడ్డుకి నడిచారు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "వదలకండే! ముక్కు కింద పడితే ఫైర్‌వాల్ వంగుతుంది" అన్నారు. ఫైర్‌వాల్ అంటే ఏమిటో నాకు తెలీదు. దాని బిల్లు ఎంతవుతుందో తెలుసు.

ఇక నా అవస్థ. పూర్తిగా నిలబడ్డానికి లేదు, కూర్చోడానికి లేదు. పొట్ట తోక మీద, చొక్కా గుండీ రివెట్ మీద. ముక్కు మీద ఈగ. విమానం ముక్కు మీద కాదు, నా ముక్కు మీద. తోలుదామంటే చెయ్యి తియ్యాలి. ఊదాను, కదల్లేదు. ఈ రకం విమానాలు 1956 నుంచి 44 వేలకు పైగా తయారయ్యాయట, ఇంకే విమానమూ ఇన్ని తయారవలేదట. ఆ లెక్కన ప్రపంచంలో ఏదో ఒక మూల ఇంకో అకౌంటెంటు కూడా ఇప్పుడు ఇలాగే బోర్లా పడి ఉంటాడు కదా అని ధైర్యం చెప్పుకున్నాను. ఆయన ముక్కు మీద ఈగ ఉందో లేదో.

సరిగ్గా అప్పుడే స్కూలు పిల్లలు వచ్చారు, విమానాలు చూడ్డానికి. టీచరమ్మ నన్ను చూపించి, "అంకుల్ విమానం ఎగిరిపోకుండా పట్టుకున్నారు" అని చెప్పారు. పిల్లలు గుండ్రంగా మూగారు.

"ఈయన పైలట్టా టీచర్?"

టీ గ్లాసులు కడుగుతున్న హెల్పర్ కుర్రాడు తలెత్తకుండానే, "కాదమ్మా, బస్తా" అన్నాడు.

ఒక బుడ్డోడు వెళ్లకుండా నిలబడ్డాడు. "అంకుల్, రాత్రి కూడా పట్టుకునే ఉంటారా?"

చక్రం బిగించడం అయిపోయి, నేను నడుం పట్టుకుని నిటారుగా అవుతుండగా స్టోర్ కీపర్ గారు పళ్లు కుట్టుకుంటూ వచ్చారు. బస్తాలు బయటికి తీయలేదు, రిజిస్టరు తీశారు. పొద్దున ఇండెంట్ మీద ఇష్యూ అయినట్టు రాసేశారట, ఇప్పుడు వాపసు వచ్చినట్టు రాయాలట. వాడింది ఎవరైతే సంతకం వాళ్లదేనట.

పెట్టాను. పక్కన 'వస్తువు పరిస్థితి' అనే గడిలో ఆయనే రాసుకున్నారు: "చిరుగుల్లేవు."